ఇన్సర్ట్ కొడితే 1064: 412 వరసల్లో ఒక్కటీ ఎక్కట్లేదు

పలాస_పప్పు
జీడిపప్పు అమ్మకాల లెక్క ఎక్సెల్‌లో ఉంది. దాన్ని షాపు సర్వర్‌లోని మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్‌కి ఎక్కించాలి. మొత్తం 412 వరసలు. మొదటి వరస దగ్గరే 1064 సింటాక్స్ ఎర్రర్ వచ్చి ఆగిపోతంది. ఇదే టేబుల్లో పీహెచ్‌పీమైఅడ్మిన్ (బ్రౌజర్లో డేటాబేస్ నడిపే ప్రోగ్రాం) ఫారంలో ఒక వరస చేత్తో నింపితే ఎక్కింది. కమాండ్‌గా రాస్తే ఎందుకు ఎక్కదు?

చదవడానికి వీలుగా తెలుగులో కొట్టాను, అసలు ఫైల్లో పేర్లన్నీ ఇంగ్లీషే:

ఇన్సర్ట్ ఇంటూ అమ్మకాలు (పార్టీ, డోర్, రసీదు, ర్యాంక్, కిలోలు, మొత్తం, తేదీ)
వాల్యూస్ ('అప్పన్న ట్రేడర్స్', 7-3-15, 00417, 240, 160, 1,25,000, 14-08-2024);

ర్యాంక్ అంటే పప్పు గ్రేడు. 240, 320 అలాగ.

గంటస్తంభం_డీబీ
ఎర్రర్ మొత్తం పెట్టండి. 1064 అంటే 'వాక్యం అర్థం కాలేదు' అని మాత్రమే. 'నియర్' తర్వాత కోట్స్‌లో ఏముందో అది కావాలి.

పలాస_పప్పు
నియర్ 'ర్యాంక్, కిలోలు, మొత్తం, తేదీ) వాల్యూస్ (' అని మొదలై కొంత దూరం పోయి, చివర ఎట్ లైన్ 1 అని ఉంది.

నాగావళి_గట్టు
రసీదు తర్వాత కామా రెండుసార్లు పడిందేమో సూడు.

గంటస్తంభం_డీబీ
కామా రెండోది పడితే నియర్ తర్వాత మొదట కామాయే కనపడేది. ఇక్కడ ర్యాంక్ కనపడుతోంది. మైఎస్‌క్యూఎల్ ఎడమ నుంచి చదువుకుంటూ వస్తుంది, ఎక్కడ చదవలేక ఆగిందో అక్కడి నుంచి మిగిలిన ముక్కని నియర్‌లో చూపిస్తుంది. అందుకని తప్పు ఆ మొదటి మాటలోనైనా ఉంటుంది, దానికి సరిగ్గా ముందైనా ఉంటుంది. వెనకాల ఉన్నదంతా ఇంకా చదవనే లేదు.

ఇక్కడ తప్పు ర్యాంక్ అన్న పేరే. మైఎస్‌క్యూఎల్ 8లో విండో ఫంక్షన్లు (వరసలకి స్థానం లాంటివి లెక్కగట్టేవి) వచ్చాక ర్యాంక్ రిజర్వుడ్ పదమైంది, అంటే డేటాబేస్ తన పనికి దాచుకున్న మాట. 5.7లో కాదు. దాని చుట్టూ బ్యాక్‌టిక్ పెట్టండి: `ర్యాంక్`. కీబోర్డులో ఎస్కేప్ కింద, 1కి ఎడమ పక్కనున్న మీట. మామూలు సింగిల్ కోట్ పెడితే అది పేరు కాదు, అక్షరాల ముక్క అయిపోయి మళ్లీ 1064 వస్తుంది.

ఇంకా మంచి పని, కాలం (కాలమ్, టేబుల్లో నిలువు గడుల వరస) పేరే గ్రేడ్ అని మార్చేయడం. ప్రతి క్వెరీలో బ్యాక్‌టిక్ గుర్తుపెట్టుకోవడం జరిగే పని కాదు.

బొబ్బిలి_వీణ
మరి ఫారంలో ఎక్కిందన్నారు కదా?

గంటస్తంభం_డీబీ
పీహెచ్‌పీమైఅడ్మిన్ ఫారం కాలం పేర్లకి బ్యాక్‌టిక్‌లు, విలువలకి కోట్స్ తనే పెట్టి పంపుతుంది. ఫారంలో నింపాక అది నడిపిన ఇన్సర్ట్ కమాండ్ పైన చూపిస్తుంది. దాన్ని మీ కమాండ్ పక్కన పెట్టుకుని చూడండి, తేడా కళ్లకి కనిపిస్తుంది. నేర్చుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

కోడర్_చీపురుపల్లి
ఎక్సాంప్‌లో (సొంత కంప్యూటర్లో సర్వర్ నడిపే సాఫ్ట్‌వేర్) రాసుకుని సర్వర్‌కి పట్టుకెళ్లేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఎక్సాంప్‌లో పేరు మైఎస్‌క్యూఎల్ అనే కనపడినా లోపల ఉండేది మారియాడీబీ అనే వేరే డేటాబేస్. అక్కడ ర్యాంక్ రిజర్వుడ్ కాదు. ఇంట్లో నడిచిన కమాండ్ సర్వర్‌లో 1064 ఇవ్వడానికి ఇదో కారణం. 'సెలెక్ట్ వెర్షన్()' అని రెండు చోట్లా కొట్టి చూసుకోండి.

మన లెక్కల టేబుళ్లలో తరచూ పట్టుబడే పేర్లు: ఆర్డర్, గ్రూప్, కీ, డెస్క్ (డిస్క్రిప్షన్‌కి పొట్టిగా పెట్టేది). ఇవి పాత వెర్షన్లలోనూ రిజర్వుడే. 8తో కొత్తగా కలిసినవి ర్యాంక్, గ్రూప్స్, రోస్, సిస్టమ్, లీడ్, లాగ్.

వంశధార_క్వెరీ
ర్యాంక్ సరిచేసినా ఈ వరస ఎక్కదు. ఎక్కకపోవడమే మంచిది కూడా. ఇందులో ఇంకో నాలుగు తప్పులున్నాయి, వాటిలో రెండు ఎర్రర్ ఇవ్వకుండా డేటాని పాడుచేసే రకం.

1,25,000. మన లక్షల కామాలు డేటాబేస్‌కి కామాలు కావు, విలువల మధ్య గోడలు. 1 ఒక విలువ, 25 ఒకటి, 000 ఇంకొకటి. ఏడు కాలాలకి తొమ్మిది విలువలు ఇచ్చినట్టు. 1136, కాలం కౌంట్ డజంట్ మ్యాచ్ అని వస్తుంది. 125000 అని రాయాలి.

7-3-15. కోట్స్ లేవు కాబట్టి అది డోర్ నంబరు కాదు, తీసివేత. 7లోంచి 3, అందులోంచి 15 తీస్తే -11. డోర్ కాలం వర్‌చార్ (అక్షరాల రకం) అయితే ఏ గొడవా లేకుండా -11 అని కూర్చుంటుంది. ఎర్రర్ రాదు. బిల్లు మీద అచ్చయ్యే దాకా ఎవరికీ తెలీదు.

00417. కోట్స్ లేకపోతే 417. రసీదు నంబరు ముందు సున్నాలు పోతాయి. శ్రీకాకుళం 08942, విజయనగరం 08922 అని ఎస్‌టీడీ కోడ్లు రాసుకునేవాళ్లకీ ఇదే గతి. కోట్స్ పెట్టాలి, కాలం కూడా వర్‌చార్‌గా ఉండాలి. ఇంట్ (అంకెల రకం) అయితే కోట్స్ పెట్టినా సున్నాలు నిలవవు.

14-08-2024. ఇదీ తీసివేతే, -2018 అవుతుంది. కోట్స్ పెట్టినా ఈ వరస క్రమం పనికిరాదు, '2024-08-14' అని సంవత్సరం ముందు రావాలి. కోట్స్ లేకుండా 2024-08-14 అని రాస్తే 2002 అవుతుంది. అప్పుడు ఇన్‌కరెక్ట్ డేట్ వాల్యూ '2002' అని 1292 వస్తుంది. మనం ఎక్కడా 2002 అని రాయలేదే అని జనం తికమకపడేది ఇక్కడే.

నాగావళి_గట్టు
సర్వే నంబరూ అంతేనేటి? 112/2 అని ఉంటాది కదా.

వంశధార_క్వెరీ
అంతే. 112/2 కోట్స్ లేకపోతే భాగహారం, 56 వస్తుంది. 112/2ఏ అని ఉంటే మాత్రం 2ఏ అన్నది కాలం పేరనుకుని అన్‌నోన్ కాలం అని 1054 ఇస్తుంది. ఆ 'ఏ' ఉన్న రైతు అదృష్టవంతుడు, అతని వరసకి కనీసం ఎర్రర్ వస్తుంది.

లెక్క కట్టేది కాకపోతే అది అంకె కాదు, అక్షరమే. డోర్ నంబరు, సర్వే నంబరు, ఫోను, పిన్‌కోడ్, రసీదు: వేటినీ మనం కూడం, తీసెయ్యం. అన్నీ కోట్స్‌లో.

పలాస_పప్పు
ర్యాంక్‌కి బ్యాక్‌టిక్ పెట్టాను, అన్నట్టే 1136 వచ్చింది. కామాలు తీసి, డోర్, రసీదు, తేదీ కోట్స్‌లో పెట్టాను. మొదటి వరస ఎక్కింది! ఎక్సెల్‌లో ఫార్ములాతో మిగతా 411 తయారు చేస్తే రెండో వరస తేదీ దగ్గర 45518 అని వస్తంది.

కోడర్_చీపురుపల్లి
ఎక్సెల్ లోపల తేదీ ఉండేది రోజుల లెక్కగా. 45518 అంటే 14-08-2024యే. & తో అతికించినప్పుడు లోపలి అంకె బయటపడుతుంది. తేదీ జీ కాలంలో ఉంటే టెక్స్ట్(జీ2,"వైవైవైవై-ఎంఎం-డీడీ") అని చుట్టండి.

ఫార్ములాలో ఇంకో రెండు చేర్చండి. ఖాళీ గడి ఉంటే రెండు కామాల మధ్య ఏమీ ఉండదు, 1064 వస్తుంది. ఇఫ్(ఈ2="","నల్",ఈ2) అని పెట్టండి, నల్ అంటే విలువ లేదని, దాని చుట్టూ కోట్స్ రాకూడదు. పేర్లకి సబ్‌స్టిట్యూట్(ఏ2,"'","''") పెట్టండి, పేరులో ఉన్న ఒక్కో కోట్ రెండవుతుంది.

ల్యాబ్_మేడం
ఆ చివరిది ఎందుకో కొత్తవాళ్లకి చెప్పాలి. 'రాజు'స్ టిఫిన్స్' అని రాస్తే, రాజు దగ్గరే కోట్ మూసుకుపోయిందని డేటాబేస్ అనుకుంటుంది. స్ టిఫిన్స్ అన్నది దారిన పోయే మాటవుతుంది. అందుకే నియర్‌లో 'స్ టిఫిన్స్' అని కనపడుతుంది. 'రాజు''స్ టిఫిన్స్' అని రెండు సింగిల్ కోట్స్ రాస్తే లోపల ఒకటే నిల్వ ఉంటుంది. అది డబుల్ కోట్ కాదు, సింగిల్‌వి రెండు. ఈ పద్ధతి మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేసులన్నింట్లో నడుస్తుంది.

రాజాం_రమణ
ఇంత ఎందుకు, అన్నిటికీ డబుల్ కోట్స్ పెట్టేస్తే లోపల ఎన్ని సింగిల్ కోట్స్ ఉన్నా ఇబ్బంది ఉండదు కదా.

ల్యాబ్_మేడం
మైఎస్‌క్యూఎల్‌లో మాత్రమే, అదీ ఏఎన్‌ఎస్‌ఐ కోట్స్ మోడ్ (డబుల్ కోట్స్‌ని పేరుగా చదివే అమరిక) పెట్టనప్పుడు. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ రెండింట్లోనూ డబుల్ కోట్స్ అంటే పేరు. పోస్ట్‌గ్రెస్‌లో "అప్పన్న" అని వాల్యూస్‌లో రాస్తే అప్పన్న అనే కాలం లేదంటుంది. ఒరాకిల్‌లో ఓఆర్‌ఏ-00984, కాలం నాట్ అలౌడ్ హియర్. ల్యాబ్ పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునే మార్కులు ఇక్కడే. సింగిల్ కోట్ అలవాటు చేసుకుంటే ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

రాజాం_రమణ
సరే మేడం, ఒప్పుకున్నా. ఒరాకిల్‌లో పేరులో & ఉంటే ఏదో అడుగుతుంది, అదీ సింటాక్సేనా?

ల్యాబ్_మేడం
అది ఎస్‌క్యూఎల్‌ప్లస్ పని, ఒరాకిల్‌కి కమాండ్లు పంపే ప్రోగ్రాం అది. 'నాయుడు & సన్స్' అని కొడితే & తర్వాతి మాటని వేరియబుల్ అనుకుని ఎంటర్ వాల్యూ ఫర్ సన్స్ అని అడుగుతుంది. ముందుగా సెట్ డిఫైన్ ఆఫ్ కొట్టండి.

ఒరాకిల్ వాళ్లకి ఇంకొకటి. ఒక్క వాల్యూస్ కింద నాలుగైదు వరసలు కామాలతో పేర్చడం 23ఏఐ వెర్షన్ నుంచే కుదురుతుంది. పాత వెర్షన్లలో ఓఆర్‌ఏ-00933 వస్తుంది, ఒక్కో వరసకి ఒక్కో ఇన్సర్ట్ రాయాలి. తేదీకి టు_డేట్('14-08-2024','డీడీ-ఎంఎం-వైవైవైవై').

కోడర్_చీపురుపల్లి
ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక వాల్యూస్ కింద 1000 వరసలే హద్దు. పలాస గారికి 412 కాబట్టి అక్కడైనా సరిపోయేది.

పలాస_పప్పు
కొత్త ఇబ్బంది. ఫైలు మా తమ్ముడికి వాట్సాప్‌లో పంపితే వాడు ఫోన్లో కొన్ని పేర్లు సరిచేసి తిరిగి పంపాడు. ఇప్పుడు కొన్ని వరసలకి 1064, కొన్నిటికి 1054 అన్‌నోన్ కాలం. కోట్స్ అన్నీ ఉన్నాయి.

వంశధార_క్వెరీ
కోట్స్ ఉన్నాయి గానీ వంకర కోట్స్ ‘ ’ అయి ఉంటాయి. ఫోను కీబోర్డులూ వర్డూ నిలువు కోట్‌ని అందంగా వంచుతాయి. డేటాబేస్‌కి అవి కోట్సే కావు, పేరులో ఉండదగిన అక్షరాలు. అందుకే ‘అప్పన్న’ అని ఒకే మాట ఉంటే అది కాలం పేరనుకుని 1054 ఇస్తుంది. ‘అప్పన్న ట్రేడర్స్’ అని రెండు మాటలుంటే మొదటిది కాలం పేరు, రెండోది ఎందుకొచ్చిందో తెలీక 1064. నియర్‌లో 'ట్రేడర్స్’' అని కనపడుతుంది. మీకు రెండు రకాలూ వచ్చాయంటే ఇదే.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరిచి, ‘ ఒకసారి, ’ ఒకసారి, రెండూ ' తో రీప్లేస్ ఆల్. అయితే ముందు ఆగండి. రాజు’స్ లాంటి పేర్లలో మధ్య కోటూ వంగి ఉంటుంది. అది కూడా నిలువైపోతే మళ్లీ పాత గొడవ. అలాంటివి ముందు వెతికి '' చేసుకుని, తర్వాత మిగతావి మార్చండి.

బొబ్బిలి_వీణ
వెబ్‌పేజీలోంచి కాపీ చేసినా ఇలాంటిదే ఒకటి. కంటికి ఖాళీ లాగే ఉంటుంది, లోపల మామూలు స్పేస్ కాదు, నాన్ బ్రేకింగ్ స్పేస్. వ్యూ మెనూలో అన్ని అక్షరాలూ చూపించు అన్నది పెడితే మామూలు స్పేస్ చుక్కలా కనిపిస్తుంది, ఇది వేరేగా ఉంటుంది. కమాండ్ అంతా సరిగ్గా ఉండి 1064 వస్తుంటే నేను చూసేది ఇదే.

రాజాం_రమణ
ఒకటడుగుతా. స్ట్రిక్ట్ మోడ్ (తప్పు విలువని ఎర్రర్‌తో ఆపే అమరిక) తీసేస్తే ఈ తేదీ, కామా ఎర్రర్లు సగం పోతాయంటారు. 412 వరసలకి ఇంత కష్టం దేనికి?

వంశధార_క్వెరీ
దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఎర్రర్ పోతుంది, తప్పు పోదు. స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే '1,25,000' అన్న విలువ అంకెల కాలంలోకి 1గా వెళ్తుంది, మొదటి కామా దగ్గర చదవడం ఆపేస్తుంది. వార్నింగ్ ఒకటి వస్తుంది, దాన్ని ఎవరూ చూడరు. లక్షా పాతిక వేల బాకీ ఒక్క రూపాయి అవుతుంది. వ్యాపారి లెక్క అది. 1064 మన శత్రువు కాదు, వాకిట్లో నిలబెట్టి అడుగుతోంది. దాన్ని తప్పించి లోపలికి పంపితే తర్వాత వెతకడం పది రెట్లు పని.

నాగావళి_గట్టు
రైటు. 1064 వొచ్చినోడు ఆ పూటే సరిచేసుకుంటాడు.

పలాస_పప్పు
స్ట్రిక్ట్ మోడ్ తియ్యను, భయమేసింది. ఫైలు మొత్తం సోర్స్ కమాండ్‌తో నడిపాను. ఒక చోట స్క్రీను '> అని చూపించి అలాగే ఉండిపోయింది. ఎంటర్ కొట్టినా అదే.

గంటస్తంభం_డీబీ
ఎక్కడో సింగిల్ కోట్ తెరిచి మూయలేదు. ఆ గుర్తు అర్థం అదే. -> అంటే సెమీకోలన్ కోసం చూస్తోంది, `> అంటే బ్యాక్‌టిక్ మూయలేదు. ఉత్త \సి కొడితే రద్దు కాదు, కోట్ లోపలున్నంతసేపు అదీ డేటాయే. ముందు ' కొట్టి వెంటనే \సి కొట్టండి.

కోట్ మూసినా మూయనట్టు ఉండే సందర్భం ఒకటుంది. విలువ చివర వెనక గీత ఉంటే, 'డీ:\బిల్లులు\' లాగా, ఆ గీత పక్కనున్న కోట్‌ని తినేస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో గీతని రెండుసార్లు రాయాలి: \\.

పలాస_పప్పు
అదే! ఫైలు దారి ఒక పార్టీ పేరులో పడిపోయింది. సరిచేసి మళ్లీ నడిపితే కొన్ని వరసలు రెండేసిసార్లు ఎక్కాయి.

కోడర్_చీపురుపల్లి
ఒక్కో వరసకి ఒక్కో ఇన్సర్ట్ ఉంటే ఎర్రర్ వచ్చేలోపు వెళ్లినవి ఉండిపోతాయి. మళ్లీ నడిపితే మళ్లీ వెళ్తాయి. టేబుల్ ఖాళీ చేసి, ఫైలు మొదట స్టార్ట్ ట్రాన్సాక్షన్ పెట్టండి, చివర కమిట్ పెట్టొద్దు. నడిచాక లెక్క చూసుకుని, సరిపోతే చేత్తో కమిట్ (ఖాయం చెయ్యడం), లేకపోతే వెనక్కి తీసుకునే రోల్‌బ్యాక్. టేబుల్ నిల్వ పద్ధతి ఇన్నోడీబీ అయితేనే ఇది నడుస్తుంది, మైఐశామ్ అయితే రోల్‌బ్యాక్ ఏమీ చెయ్యదు. రసీదు మీద యూనిక్ కీ కూడా పెట్టండి, అప్పుడు రెండోసారి ఎక్కబోతే 1062 అని ఆపుతుంది.

ఫైలు పెద్దదై తప్పు దొరక్కపోతే సగానికి కొయ్యండి. మొదటి సగం నడిస్తే తప్పు రెండో సగంలో. 412 వరసలకి తొమ్మిది కోతల్లో ఆ వరస చేతికొస్తుంది.

బొబ్బిలి_వీణ
ఒకే ఇన్సర్ట్‌లో అన్ని వరసలూ పేరిస్తే చివరి వరస తర్వాత కామా మిగిలిపోవడం మామూలు. అప్పుడు నియర్‌లో ఏమీ ఉండదు, ఉత్త '' కనపడుతుంది. వాక్యం అయిపోయింది గానీ పూర్తి కాలేదని అర్థం. మూయని బ్రాకెట్‌కీ అంతే. చివర చూడండి, మధ్యలో వెతక్కండి.

నాగావళి_గట్టు
ఊరి పేర్లు తెలుగులో రాస్తే 1366 ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ అని వొస్తంది, అదేటి? పాత సర్వర్ 5.7.

వంశధార_క్వెరీ
5.7లో ఏమీ చెప్పకుండా టేబుల్ చేస్తే అక్షరాల సెట్ లాటిన్1 అవుతుంది. తెలుగు అందులో పట్టదు. 8లో యుటిఎఫ్8ఎంబి4 అనే తెలుగు పట్టే సెట్ దానంతటదే వస్తుంది. ఆల్టర్ టేబుల్ ఊర్లు కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ యుటిఎఫ్8ఎంబి4. తర్వాత కనెక్షన్‌కి సెట్ నేమ్స్ యుటిఎఫ్8ఎంబి4. రెండోది మరిస్తే ??? పడే ప్రమాదం ఉంది. పడ్డ ప్రశ్నార్థకాలు మళ్లీ తెలుగు అవ్వవు, తిరిగి ఎక్కించుకోవాల్సిందే.

కాలం పొడవు కూడా చూసుకోండి. శ్రీకాకుళం కంటికి నాలుగు అక్షరాలు. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కేస్తుంది కాబట్టి డేటాబేస్‌కి 10, బైట్లలో 30. వర్‌చార్(8) పెడితే విజయనగరం సరిగ్గా పడుతుంది, శ్రీకాకుళం 1406 ఇస్తుంది.

నాగావళి_గట్టు
మా జిల్లాకే ఎర్రరా! వర్‌చార్(60) పెట్టేస్తా.

గంటస్తంభం_డీబీ
పలాస గారూ, ఈ 412 అయ్యాక రోజూ ఎక్కించేది ఉంటే కమాండ్‌లో విలువలు అతికించే పద్ధతి వదిలెయ్యండి. పీహెచ్‌పీలో ప్రిపేర్ చేసి, విలువల చోట ఏడు ప్రశ్నార్థకాలు పెట్టి బైండ్_పరామ్ ఇవ్వండి. మీ కాలాలకి రకాల వరస ఎస్ ఎస్ ఎస్ ఐ డీ డీ ఎస్ (ఎస్ అక్షరాలు, ఐ పూర్ణాంకం, డీ దశాంశం). ప్రశ్నార్థకం చుట్టూ కోట్స్ పెట్టకూడదు, పెడితే అది ఉత్త ప్రశ్నార్థకం. పైథాన్‌లో మైఎస్‌క్యూఎల్ కనెక్టర్ అయితే %ఎస్, అక్కడా కోట్స్ వద్దు, చివర కమిట్ పిలవాలి. పిలవకపోతే ఎర్రర్ లేకుండా డేటా మాయం.

రాజు'స్ టిఫిన్స్, వెనక గీతలు, డోర్ నంబర్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు వెళ్తాయి. ఎవరైనా ఫారంలో కమాండ్ ముక్క కొట్టి డేటా చెరిపే దారీ మూసుకుపోతుంది.

వంశధార_క్వెరీ
ఒక్క మాట కలుపుతా. బైండ్ చేస్తే సింటాక్స్ బాధ పోతుంది గానీ విలువ బాధ పోదు. "1,25,000" ని డీ రకంగా ఇస్తే పీహెచ్‌పీ దాన్ని 1 చేసి పంపుతుంది. కామాలు ముందే తీసెయ్యాలి. తేదీ కూడా ముందే తిప్పాలి, లేదా ఎస్‌టీఆర్_టు_డేట్ వాడాలి. అందులో సంవత్సరానికి పెద్ద వై, చిన్న వై రెండంకెలకి.

పలాస_పప్పు
ట్రాన్సాక్షన్ పెట్టి నడిపాను, ఒక్క ఎర్రరూ లేదు. ఇంకా కమిట్ కొట్టలేదు. ఏం చూడాలి?

వంశధార_క్వెరీ
మూడు. కౌంట్ 412 ఉండాలి. మొత్తం కాలం సమ్ ఎక్సెల్ సమ్‌తో పైసాతో సహా కలవాలి. వేర్ డోర్ లైక్ '-%' అని కొడితే ఒక్క వరసా రాకూడదు, వచ్చిందంటే అక్కడ తీసివేత జరిగింది.

పలాస_పప్పు
డోర్‌వి సున్నా. కౌంట్ 413 వస్తంది, సమ్ 500 ఎక్కువ.

కోడర్_చీపురుపల్లి
టేబుల్ ఖాళీ చేశాక ఫారంలో మళ్లీ పరీక్షకి ఏమైనా నింపారా?

పలాస_పప్పు
నింపాను. గ్రేడ్ పేరు మార్చాక పని చేస్తందో లేదో అని, 'టెస్ట్' అని, 500.

కోడర్_చీపురుపల్లి
ముందు సెలెక్ట్‌తో వేర్ పార్టీ = 'టెస్ట్' చూడండి. ఒక్క వరసే వస్తే అదే వేర్‌తో డిలీట్. మళ్లీ కౌంట్, సమ్. తర్వాత కమిట్.

పలాస_పప్పు
412. సమ్ కలిసింది. కమిట్ కొట్టేశాను.